మా బడిలో ఉన్న రంపం సొరచేపదేనా?

ప్రశ్న:
నేను దేవరకొండ వైపు ఒక ఊళ్లో బయాలజీ టీచర్ని. మా బడి బీరువాలో మూడడుగుల ఎండిన రంపం ఉంది, చేప మూతికి ముందు పొడుచుకొచ్చి ఉండేది. దానికి కట్టిన చీటీ మీద "రంప సొర" అని రాసి ఉంది. పదేళ్లుగా నేనూ అదే చెబుతూ వచ్చాను. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక వీడియో చూసి వచ్చి, "సార్, రంప సొరకు వాలుగకు ఉన్నట్లు మీసాలుంటాయంట, దీనికేవి?" అంది. మాకు నాగార్జునసాగరే సముద్రం, అసలు సముద్రపు చేపల గురించి ఎవర్ని అడగాలి? తప్పు చెప్పానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అమ్మాయి సరిగ్గా పట్టుకుంది సార్. రంప సొరకు రంపం మధ్యలో రెండు మీసాలుంటాయి, ఇసుకలో దాక్కున్న ఎరను వెతకడానికి. అయినా అది మహా అయితే ఐదడుగుల చేప, దానికి మూడడుగుల రంపం రాదు. మీ దగ్గరున్నది రంపపు చేపది. అది టేకు చేపల (ఇంగ్లిష్‌లో రే) బంధువు, సొర కాదు. మొత్తం చేప ఉంటే మొప్పల చీలికలు చూసి చెప్పేయొచ్చు: సొరకు పక్కల, దీనికి కడుపు వైపు. వంశాలు వేరైనా రెండింటికీ విడివిడిగా రంపాలు వచ్చాయి.

జవాబు 2:
పళ్లు కూడా చూడండి. రంప సొరకు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అలా ఉంటాయి, ఊడితే మళ్లీ వస్తాయి. రంపపు చేపకు దాదాపు ఒకే సైజు, గుంటల్లో నాటినట్లుంటాయి, ఊడితే మళ్లీ రావు.

రంప సొరలది ప్రిస్టియోఫోరిఫార్మిస్ క్రమం. వాటిలో ప్రిస్టియోఫోరస్ అనే రకానికి ఐదు జతల మొప్ప చీలికలు, ప్లియోట్రీమా అనే రకానికి ఆరు. ఆరింటి రకంలో ఒకే జాతి ఉందనుకునేవాళ్లు, 2020లో మడగాస్కర్, జాంజిబార్ వైపు మరో రెండు బయటపడ్డాయి.

ఒక్క మాట, రంపపు చేపలకు మన వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. ఎవరైనా ఆ రంపాన్ని అమ్మమని అడిగితే ఒప్పుకోకండి.

అడిగినవారు:
ఇద్దరికీ నిజంగా కృతజ్ఞతలు. ఈ రోజు పిల్లలతో కలిసి లెక్కపెట్టాం. కుడివైపు 20 పళ్లు, ఎడమవైపు 19, ఒక ఖాళీ గుంట. కొత్త చీటీ ఆ అమ్మాయితోనే రాయించాను.