మరణ కారణం రాసేది హంతకుడే అయినప్పుడు (చర్చ)

విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు:
ఇంగ్లండులోని హైడ్ పట్టణపు కుటుంబ వైద్యుడు హెరాల్డ్ షిప్‌మన్‌కు 15 హత్యల నేరంపై 2000లో శిక్ష పడింది. ఆ తరువాత న్యాయమూర్తి జానెట్ స్మిత్ నేతృత్వంలో జరిగిన విచారణ, అతని చేతిలో 215 మంది మరణించారని తేల్చింది. రెండు దశాబ్దాలకు పైగా ఇది ఎవరి కంటా పడలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు. అనుభవం ఉన్నవారు వివరించగలరు.

వైద్యురాలు, మాంచెస్టర్:
కంట పడింది, అదే నన్ను ఎక్కువగా బాధించే విషయం. తన కారెక్కే వృద్ధురాళ్లలో షిప్‌మన్ రోగులు వరుసగా చనిపోతున్నారని ఒక టాక్సీ డ్రైవరు గమనించాడు. అంత్యక్రియలు జరిపించే కుటుంబానికీ అనుమానం వచ్చింది. పక్క క్లినిక్‌లోని డాక్టర్ లిండా రేనాల్డ్స్ 1998 మార్చిలో నేరుగా కరోనర్‌కు (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారికి) ఫిర్యాదు చేశారు. పోలీసులు షిప్‌మన్ పాత నేరచరిత్ర కూడా చూడకుండానే (పెథిడిన్ అనే మత్తు కలిగించే నొప్పిమందు కోసం దొంగ చీటీలు రాసి 1976లో శిక్ష పడినవాడు) ఏప్రిల్‌లో దర్యాప్తు ముగించారు. ఆ తరువాత మరో ముగ్గురిని చంపాడు. అప్పట్లో దహనానికి, మరణ కారణం రాసిన వైద్యుడితో పాటు రెండో వైద్యుడి సంతకం కూడా అవసరమే అయినా, ఆ రెండో వైద్యుడు ఎక్కువగా ఆధారపడింది మొదటివాడు చెప్పిన వివరాల మీదే. ఇక్కడి ఆసుపత్రిలో అలాంటి పత్రాలు పూర్తిచేసే రోజుల్లో, తోటి వైద్యుడి మాటను శంకించే అలవాటు మాలో ఎవరికీ ఉండేది కాదు.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, పశ్చిమ గోదావరి:
2019లో ఏలూరులో బయటపడిన సయనైడ్ ప్రసాదం కేసులోనూ ఇదే కనిపిస్తుంది. నిందితుడు ప్రసాదంలో సయనైడ్ కలిపి ఇచ్చి వేర్వేరు జిల్లాల్లో పదిమందిని చంపాడన్నది పోలీసుల అభియోగం. గుండెపోటని ఇంటివారే నమ్మి అంత్యక్రియలు చేసేస్తే, స్టేషనుకు సమాచారమే రాదు. సమాచారం లేనిదే శవపంచనామా జరగదు. పక్క జిల్లా మరణంతో పోల్చి చూసే అవకాశం అసలే ఉండదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు:
మరి షిప్‌మన్ చివరికి ఎలా దొరికాడు?

వైద్యురాలు, మాంచెస్టర్:
ఆస్తి మీద ఆశతో. 1998 జూన్‌లో మరణించిన తన రోగి కాథ్లీన్ గ్రండీ పేరిట అతను దొంగ వీలునామా సృష్టించాడు. ఆమె కుమార్తె న్యాయవాది కావడంతో ఆ కాగితం చూడగానే అనుమానించి పోలీసులను కదిలించింది. సమాధి తవ్వి పరీక్షిస్తే శరీరంలో మార్ఫిన్ (మోతాదు మించితే ప్రాణం తీసే నొప్పిమందు) కనిపించింది. రోగులకు లేని జబ్బులను అతను వారి రికార్డుల్లో పాత తేదీలతో చేర్చిన సంగతిని, అసలు నమోదు చేసిన సమయాన్ని దాచుకున్న కంప్యూటరే బయటపెట్టింది. కరోనర్‌కు వెళ్లని ప్రతి మరణాన్నీ, ఆ రోగికి చికిత్స చేయని మరో వైద్యుడు పరిశీలించాలన్న నియమం ఇంగ్లండు, వేల్స్‌లలో 2024లో గాని తప్పనిసరి కాలేదు.

పంచాయతీ కార్యదర్శి, నల్లగొండ:
మా వద్ద ఇంట్లో జరిగే మరణాలు చాలావరకు కుటుంబం చెప్పిన మాట మీదే నమోదవుతాయి. వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్ల విషయంలోనైనా, ఒక వైద్యాధికారి వచ్చి చూసే ఏర్పాటు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.