మిడ్‌లోథియన్ పాత కౌంటీ సీటు: ఫలితాల పట్టిక పొసగడం లేదు

గంటస్తంభం (విజయనగరం) – ప్రశ్న

మద్రాసు గవర్నర్ల మీద తెలుగులో పేజీలు తయారుచేస్తూ లార్డ్ కార్మైకేల్ దగ్గర ఇరుక్కున్నాను. 1911 నవంబరు నుంచి 1912 మార్చి దాకా, అంటే ఐదు నెలలే ఆ పదవిలో ఉన్నాడు. అంతకుముందు 1895 నుంచి 1900 వరకు స్కాట్లండ్‌లో ఎంపీ. ఆ నియోజకవర్గాన్ని ఒకచోట ఎడిన్‌బరోషైర్ అన్నారు, ఇంకోచోట మిడ్‌లోథియన్ అన్నారు. సీటు ఎన్నికల చరిత్రను కూడా పట్టికగా పెడదామనుకుంటే లెక్కలు కుదరడం లేదు.

1. రెండు పేర్లూ ఒకే సీటువా? ఎడిన్‌బరో నగరం ఓట్లు ఇందులో కలుస్తాయా?

2. 1880లో లిబరల్ నాయకుడు, బ్రిటన్ ప్రధానిగా చేసిన గ్లాడ్‌స్టన్‌కి 1,579, కన్సర్వేటివ్ ఎర్ల్ ఆఫ్ డాల్కీత్‌కి 1,368. ఇంగ్లండ్ రాజకీయాలనే తిప్పేసిందన్న ఎన్నికలో పోలైన ఓట్లు ఇన్నేనా? అచ్చులో సున్నా ఎగిరిపోయిందేమోనని అనుమానం. ఎందుకంటే ఐదేళ్ళకే ఆయనకి 7,879 అని ఉంది.

3. 1886 వరసలో ఓట్లే లేవు. దాని వల్ల 1892 ఎదురుగా "మార్పు" గడిలో ఎక్సెల్ ఏదో పిచ్చి అంకె చూపిస్తోంది.

4. 1912 ఉప ఎన్నికలో ముగ్గురి శాతాలు కూడితే 99.9 వస్తోంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

పేర్ల సంగతి ముందు. రెండూ ఒకటేనండి. 1708 నుంచి 1918 దాకా ఉన్న ఒకే కౌంటీ సీటు, ఒకే సభ్యుడు. శ్రీకాకుళాన్ని పాత రికార్డుల్లో చికాకోల్ అని వెతకాలి, అదీ విశాఖపట్నం జిల్లా కింద కాదు, గంజాం జిల్లా కింద. ఇదీ అలాంటిదే. రెండు పేర్లతోనూ వెతకండి. పేజీకి మాత్రం ఒక్క పేరే పెట్టి, రెండోది మొదటి వాక్యంలో చెప్పేయండి. రెండు పేజీలు చేస్తే ఎవరో ఒకరు రెండు సీట్లనుకుంటారు.

ఎడిన్‌బరో నగరం ఇందులో లేదు. దానికి వేరే సీటు, 1885 తర్వాత నాలుగు సీట్లు. లీత్, పోర్టొబెల్లో, మసల్‌బరో కలిపి లీత్ బర్గ్స్ అని ఇంకొకటి. మీ పట్టికలోకి వచ్చేది వీటిని తీసేయగా మిగిలిన కౌంటీ: పొలాలు, బొగ్గు గనులు, డాల్కీత్, వెస్ట్ కాల్డర్ లాంటి చిన్న ఊళ్ళు.

ఇక 1880 అంకెలు. సున్నా ఏమీ పోలేదు. మొత్తం 2,947 ఓట్లు, గ్లాడ్‌స్టన్ ఆధిక్యం 211. నమ్మకం కుదరకపోతే ఇది చూడండి: అదే ఎన్నికల్లో ఆయన లీడ్స్ నగరంలో కూడా పోటీలో ఉన్నాడు, అక్కడ వచ్చినవి 24,622. (లీడ్స్‌కి ముగ్గురు సభ్యులు, ఓటరుకి రెండేసి ఓట్లు. అందుకని తలల లెక్కగా చూడకండి.) అక్కడా ఇక్కడా గెలిచి మిడ్‌లోథియన్ ఉంచుకున్నాడు, లీడ్స్ ఖాళీ చేస్తే కొడుకు హెర్బర్ట్ ఏకగ్రీవంగా వెళ్ళాడు.

అంత తేడా ఎందుకంటే పట్టణంలో ఇల్లున్న మగవాడికి 1867–68 చట్టాలతోనే ఓటు వచ్చింది, కౌంటీలో రాలేదు. స్కాటిష్ కౌంటీలో 1868 నుంచి ఏడాదికి 5 పౌండ్ల విలువ చేసే ఆస్తికి యజమాని అయినా కావాలి, 14 పౌండ్ల విలువ చేసేదాన్ని అనుభవిస్తున్న అద్దెదారు అయినా కావాలి. గని కార్మికుడు, పాలికాపు ఈ గీత కిందే ఉండిపోయారు. 1884 చట్టం పట్టణపు హక్కునే కౌంటీలకీ ఇచ్చింది. 1885లో గ్లాడ్‌స్టన్ 7,879, చార్లెస్ డాల్‌రింపుల్ 3,248, మొత్తం 11,127. అభిమానం ఐదింతలు పెరగలేదు, ఓటర్ల జాబితా పెరిగింది. పట్టికలో 1880కీ 1885కీ మధ్య అడ్డంగా ఒక మందపాటి గీత గీయండి, 1832, 1868 దగ్గర కూడా. ఆ గీత దాటించి ఓట్ల సంఖ్యల్ని పోల్చకూడదు. శాతాలు పోల్చవచ్చు, అదీ జాగ్రత్తగా.

బొంకులదిబ్బ (విజయనగరం)

1880 గురించి ఒక ముక్క కలుపుతాను, ఎందుకంటే 211 అనే అంకె వెనకున్న వ్యవహారం తెలియకపోతే ఆ వరస అర్థం కాదు.

డాల్కీత్ అంటే బక్లూ డ్యూక్ గారి పెద్ద కొడుకు. కౌంటీలో పెద్ద భూస్వామి ఆ డ్యూకే. లిబరల్ వైపు ఖర్చూ ఏర్పాట్లూ చూసింది డాల్మెనీలో ఉండే రోజ్‌బరీ ప్రభువు. బొబ్బిలి, విజయనగరం పంతం అనుకోండి, ఇక్కడ ఫిరంగులకు బదులు పట్టాలు పేలాయి. "ఫాగట్ ఓట్లు" అని కనిపిస్తే మన భాషలో బినామీ ఓట్లు అనే రాయండి, సరిగ్గా సరిపోతుంది. 5 పౌండ్ల గీతకి సరిపోయేలా ఆస్తిని ముక్కలు చేసి, చుట్టాలకీ గుమాస్తాలకీ పేరుకి రాసిస్తారు. కాగితం మీద యజమాని కాబట్టి ఓటు. ఆ ఊళ్ళో కాపురం ఉండాల్సిన పని లేదు. పోలింగు కూడా దేశమంతా ఒకే రోజు కాదు, వారాల తరబడి ఒక్కోచోట ఒక్కో రోజు. తన ఊళ్ళో వేసుకుని, రైలెక్కి వచ్చి ఇక్కడా వేసి పోవచ్చు. డ్యూకు మనుషుల మీదే ఎక్కువ ఆరోపణ, లిబరల్స్ చేతులూ కడిగిన ముత్యాలేం కావు. వీటి ఆనవాలు పట్టాలంటే 1855 నుంచి ఏటా వచ్చిన వాల్యుయేషన్ రోల్స్ చూడాలి: యజమాని, అద్దెదారు, ఏడాది విలువ వరసగా ఉంటాయి. ఒకే చిన్న ఇంటికి ఊళ్ళో లేని యజమానులు నలుగురైదుగురు కనిపిస్తే, విలువ సరిగ్గా గీత దగ్గర ఆగితే, అనుమానించవచ్చు.

1874లో ఇదే డాల్కీత్ 135 ఓట్లతో గెలిచాడు. ఇంత సన్నని సీటులో వంద బినామీ ఓట్లు అంటే మాటలు కాదు. 1879 నవంబరు 24న గ్లాడ్‌స్టన్ లివర్‌పూల్ నుంచి బయల్దేరి రెండు వారాలు ఊరూరా మాట్లాడింది అందుకే. అఫ్గాన్ యుద్ధాన్ని ఆ సభల్లోనే దుయ్యబట్టాడు. ఓటు లేనివాళ్ళు కూడా వేలల్లో వచ్చారు. సభ జనాన్ని చూసి ఓట్లు లెక్కేస్తే ఎక్కడైనా బోల్తాయే.

3వ ప్రశ్నకి జవాబు: 1886లో పోటీ లేదు. గడిలో సున్నా పెట్టకండి, ఖాళీగానూ వదలకండి, "ఏకగ్రీవం" అని అక్షరాల్లో రాయండి. ఖాళీ వదిలితే ఎక్సెల్ దాన్ని సున్నాగా తీసుకుని 1892లో 53.1 శాతం పెరుగుదల అంటుంది. 1892ని 1885తో పోల్చాలి, కింద "1885తో పోలిక" అని గుర్తు పెట్టాలి. 1892లో గ్లాడ్‌స్టన్ 5,845, కల్నల్ వాషప్ 5,155, తేడా 690. అంటే 70.8 నుంచి 53.1కి, 17.7 పాయింట్లు జారాడు. ఐర్లాండ్ హోం రూల్ (స్వపరిపాలన) వివాదం దెబ్బ ఇందులో పెద్దది, స్కాట్లండ్ చర్చికి ప్రభుత్వ హోదా తీసేయాలన్న వాదం భయం కూడా తోడైంది.

ఇంకో గోతి ఉంది. 1926 వరకు మంత్రి పదవి తీసుకుంటే సీటు ఖాళీ అయి మళ్ళీ ఎన్నిక కావాలి. అందుకే 1880, 1886, 1892ల్లో సాధారణ ఎన్నిక వరస కాక గ్లాడ్‌స్టన్ పేరుతో ఏకగ్రీవ ఉప ఎన్నిక ఒక్కోటి తగులుతుంది. రెండుసార్లు ఎక్కిందని కొట్టేయకండి.

వంశధార (శ్రీకాకుళం)

పైవాళ్ళు చెప్పిన తర్వాత మిగిలింది 1895–1918.

కార్మైకేల్ అప్పటికి ప్రభువు కాదు, సర్ థామస్ గిబ్సన్-కార్మైకేల్. పట్టికలో అలాగే ఉండాలి. బిరుదు 1912లో వచ్చింది. 1900లో మాస్టర్ ఆఫ్ ఎలిబ్యాంక్, 1906లో లార్డ్ డాల్మెనీ (రోజ్‌బరీ కొడుకు, సర్రే క్రికెట్ కెప్టెన్), 1910 జనవరిలో మళ్ళీ ఎలిబ్యాంక్. అందరూ లిబరల్సే. "మాస్టర్", "లార్డ్" చూసి ప్రభువుల సభవాళ్ళనుకోవద్దు. తండ్రి బతికుండగా వారసుడికి మర్యాదకి పిలిచే పేర్లు అవి, కామన్స్‌కి అడ్డు కాదు. ఎలిబ్యాంక్‌ని అలెగ్జాండర్ మరే అని అసలు పేరుతో అకారాదిలో చేర్చండి.

1912 ఆగస్టులో ఆయన సీటు వదిలాడు. సెప్టెంబరు 10న ఉప ఎన్నిక: మేజర్ జాన్ హోప్ (యూనియనిస్టు, అంటే కన్సర్వేటివ్ పక్షం) 6,021, అలెగ్జాండర్ షా (లిబరల్) 5,989, రాబర్ట్ బ్రౌన్ (లేబర్) 2,413. తేడా 32. బ్రౌన్ గని కార్మికుల నాయకుడు. 1884 చట్టంతో ఓటొచ్చిన జనమే ఇప్పుడు సొంత అభ్యర్థిని నిలబెట్టుకున్నారు, లిబరల్ ఓటు చీలింది. శాతాలు 41.7, 41.5, 16.7. కూడితే 99.9. అది తప్పు కాదు, ఒక్కోటి విడిగా కుదించడం వల్ల వచ్చింది. ఎవరికో 0.1 తగిలించి 100 చేయకండి. ఆధిక్యం శాతాన్ని కూడా కుదించిన అంకెల్లోంచి తీయకండి, 32ని 14,423తో భాగించండి: 0.2.

ఒక హెచ్చరిక. ఈ పట్టిక నమూనాని మన పాత సీట్లకి తెచ్చిపెట్టాలనుకుంటే 1957 పార్వతీపురం దగ్గర ఆగాలి. అది ఇద్దరు సభ్యుల సీటు, ఓటరుకి రెండు ఓట్లు. పోలైన ఓట్లను ఓటర్లుగా తీసుకుంటే పోలింగు శాతం నూరు దాటుతుంది. వి.వి. గిరి గారు ఓడింది అక్కడే. మిడ్‌లోథియన్‌కి ఆ చిక్కు లేదు.

గంటస్తంభం

1, 3, 4 సర్దేశాను. గీతలు కూడా గీశాను. మరి 1918 తర్వాత? మిడ్‌లోథియన్ పేరుతో ఇప్పటికీ సీటు ఉన్నట్టుంది కదా. అదే పట్టిక కిందికి పొడిగించనా?

నాగావళి ఒడ్డు

వద్దండి. 1918లో కౌంటీని చీల్చి పక్క పీబుల్స్‌తో కలిపి రెండు సీట్లు చేశారు: మిడ్‌లోథియన్ అండ్ పీబుల్స్ నార్తర్న్ ఒకటి, పీబుల్స్ అండ్ సదర్న్ మిడ్‌లోథియన్ రెండోది. ఇప్పటి మిడ్‌లోథియన్ 1955లో వేరే హద్దులతో పుట్టింది. 2008 పునర్విభజనలో బొబ్బిలి లోక్‌సభ సీటు పోయి విజయనగరం వచ్చినప్పుడు పాత ఫలితాల్ని కొత్త పేరు కింద అతికించలేం కదా, ఇదీ అంతే. పట్టిక 1912 ఉప ఎన్నికతో ఆపి, కింద "తర్వాతి సీట్లు" అని లంకెలివ్వండి.

ఉత్తరపు సీటుకి పేజీ చేస్తే మాత్రం 1929కి రెండు వరసలు కావాలి. జనవరి ఉప ఎన్నికలో లేబర్ ఆండ్రూ క్లార్క్, మేలో యూనియనిస్టు జాన్ కోల్విల్. ఆ జనవరిలోనే నేషనల్ పార్టీ ఆఫ్ స్కాట్లండ్ తరఫున లూయిస్ స్పెన్స్ నిలబడి 842 ఓట్లు తెచ్చుకుని ధరావతు పోగొట్టుకున్నాడు. 1943లో కోల్విల్ బొంబాయి గవర్నరుగా రావడంతో ఇంకో ఉప ఎన్నిక. మీ గవర్నర్ల పేజీలకి అక్కడ రెండో లంకె దొరుకుతుంది.