ఆటో ఇంక్రిమెంట్ ఆగమమా, ఆదేశమా?

అరసున్న: "మిత్రవత్..." అంటూ సంధుల పాఠంలో మా మాస్టారు ఒక మాట చెప్పేవారు. మిగతాది నోటికి రావట్లేదు. కొత్త రో వేయగానే డేటాబేస్ తనంతట తానే ఇచ్చే ఐడీకి, అదే ఆటో ఇంక్రిమెంట్‌కి, తెలుగుమాట వెతుకుతుంటే గుర్తొచ్చింది. "ఆగమ సంఖ్య" అంటే బాగుండదూ?

శకటరేఫ: "శత్రువదాదేశః, మిత్రవదాగమః". ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తోసేసి వస్తుంది, ఆగమం మిత్రుడిలా పక్కన చేరుతుంది. మాయమ్మలో యకారం ఎవరినీ కదపకుండా వచ్చి కూర్చుంది. వాడుగొట్టెలో గకారం కకారాన్ని లేపేసింది. మీది ఆగమమే, సందేహం లేదు.

పాత సర్వర్: సందేహం ఉందండీ. మైఎస్క్యూఎల్ డేటాబేస్‌లో ఆ కాలమ్‌కి నల్, అంటే ఖాళీ, ఇచ్చి చూడండి. ఖాళీని ఒప్పుకోని నాట్ నల్ కాలమే అయినా కిమ్మనదు, నల్‌ని తీసేసి తర్వాతి అంకె పెడుతుంది. మామూలు సెట్టింగుల్లో సున్నా ఇచ్చినా అంతే. ఇది ఆదేశం కాక మరేమిటి? కాలమ్ పేరే ఎత్తకపోతే అప్పుడు ఆగమం.

శకటరేఫ: నల్ అంటే ఏమీ లేదనేగా! లేనిదాన్ని లేపడమేమిటి?

పాత సర్వర్: పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో సీరియల్ కాలమ్‌కి (అక్కడి ఆటో ఇంక్రిమెంట్ అదే) అదే నల్ ఇస్తే ఎర్రర్ కొడుతుంది. లేనిదాని మీద ఎర్రరెందుకో?

తలకట్టు: మిత్రుడంటే గుర్తొచ్చింది. చిన్నయసూరి నీతిచంద్రికలో రాసింది మిత్రలాభం, మిత్రభేదమే. సంధి సూత్రాలు అంత బాగా చెప్పినాయన కథల్లో "సంధి" అనే భాగం దాకా రాలేదు, అది వీరేశలింగం గారు రాశారు. ఆ మిత్రభేదం వచనం ముందు ఇప్పటి వచనం ఏపాటిది!

అరసున్న: వచనం సంగతి తర్వాత చూద్దాం. "ఆదేశ సంఖ్య" అంటే జనం జీవో నంబరనుకుంటారు. పోనీ "వరుస సంఖ్య" అందామా?

పాత సర్వర్: వేసిన రో రోల్‌బ్యాక్ అయితే, అంటే మధ్యలో రద్దయితే, 41 తర్వాత 43 వస్తుంది. ఇచ్చిన అంకెను వెనక్కి తీసుకోదు. వరుస ఎక్కడుంది?

శకటరేఫ: క్రమం ఉందిగా. పెరుగుతూనే పోతోంది. "క్రమసంఖ్య" అనండి.

తలకట్టు: ఆ 42కి కూడా పేరుండాలి. పంచాంగంలో తిథి క్షయం లాగా. లేదా వ్యాకరణం మాటే కావాలంటే లోపం.

శకటరేఫ: లోపమంటే ముందు ఉండి పోవాలండీ. 42 టేబుల్‌లోకి వచ్చిందెప్పుడు?

పాత సర్వర్: వచ్చింది. రోల్‌బ్యాక్ దాకా ఉంది. మీకు కనపడలేదంతే.