ఆర్ఓ నీళ్లు పోశాక ట్యాంకులో మాలీ చేపలు వణుకుతున్నాయి, తప్పెక్కడ?

గాజుపెట్టె:
80 లీటర్ల ట్యాంకు. ఏడాదిన్నరగా బోరు నీళ్లే. ఆరు మాలీలు, ఓ పన్నెండు గప్పీలు, పిల్లలు పెడుతూ హాయిగానే ఉన్నాయి. నన్ను విసిగించిందల్లా అద్దం మీద నీటి అంచున పేరుకునే తెల్ల చార. గోకినా పోదు. మీటరు పెడితే బోరు నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్నవాటి లెక్క) 900. "మనం తాగని నీళ్లు వాటికెందుకు పోస్తున్నావ్" అని ఇంట్లో దెప్పుడొకటి. సరేనని తాగే ఆర్ఓ ఫిల్టరు నీళ్లు (టీడీఎస్ 30) పట్టి, వరసగా మూడు ఆదివారాలు సగం సగం మార్చాను.

నీళ్లు తళతళలాడుతున్నాయి. చేపలే బాగాలేవు. మాలీలు ఉన్నచోటే నిలబడి, చలి పుట్టినట్టు ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతున్నాయి. గప్పీలు తోకలు ముడుచుకుని హీటరు వెనక చేరాయి. రెండు పోయాయి. శుభ్రమైన నీళ్లలో చేపలు చావడమేంటండీ? సగం తీసేసి మళ్లీ బోరు నీళ్లు పోసెయ్యనా?

పాతనాచు:
ముందు ఆ బకెట్ కింద పెట్టండి.

సగం సగం మార్చారు కాబట్టి లెక్క తేలికే. 900 కాస్తా 465, మరుసటి వారం 250 లోపు, మూడో వారానికి 140. మాలీలు, గప్పీలు హార్డ్ వాటర్ చేపలు, అంటే కాల్షియం లాంటివి ఎక్కువున్న నీళ్లవి. మంచినీటి చేప ఒంట్లోని లవణాలు మొప్పల్లోంచి బయటికి జారిపోతూనే ఉంటాయి, అది వాటిని మళ్లీ లాక్కుంటూనే ఉంటుంది. నీళ్లలో కాల్షియం ఉంటే ఆ జారడం తగ్గుతుంది. మీరు ఆ కాల్షియాన్నే తీసేశారు.

అంతకన్నా నాకు భయం కేహెచ్ గురించి, అంటే బైకార్బొనేట్లు. ఫిల్టరు స్పాంజిలో బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రేటుగా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని మింగేసేవి ఇవే. ఆర్ఓ నీళ్లలో ఇవి దాదాపు ఉండవు. ఉన్నవి అయిపోగానే పీహెచ్ జారుతుంది, 6 దగ్గరికొచ్చేసరికి బ్యాక్టీరియా బాగా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. ఆ పీహెచ్‌లో అది అమ్మోనియంగా ఉంటుంది కాబట్టి చేపని పెద్దగా కరవదు. దానిమీద పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు గుమ్మరించారనుకోండి, కొంత భాగం అసలు అమ్మోనియాగా మారుతుంది, అది విషం. ఇలాగే నేనొక తొట్టెడు ప్లాటీలని పోగొట్టుకున్నాను. నీళ్లు మార్చింది రాత్రి. తెల్లారేసరికి పంపు చప్పుడు తప్ప తొట్టిలో కదలిక లేదు.

పీహెచ్, కేహెచ్, అమ్మోనియా పరీక్ష చేసి ఇక్కడ పెట్టండి. టీడీఎస్ మీటరు ఎంత కరిగిందో చెప్తుంది గానీ ఏం కరిగిందో చెప్పదు. చిటికెడు ఉప్పేసినా ఎక్కి కూర్చుంటుంది.

నియాన్‌గాడు:
ఆర్ఓని మరీ తిట్టకన్నా. నా నియాన్ టెట్రాలు మెత్తని నీళ్ల చేపలు, బోరు నీళ్లలో బతికాయి గానీ గుడ్లు ఒక్కటీ పిల్లలవ్వలేదు. ఆర్ఓకి మారాక, ట్యాంకుకి నల్లగుడ్డ కప్పాక, అప్పుడు కనిపించాయి కనురెప్ప వెంట్రుకల్లాంటి పిల్లలు. మామూలు రోజుల్లో నేనూ ఉత్త ఆర్ఓ పోయను, మినరల్ పొడి కలిపే.

ఆవిరైన నీటికి బదులు పోసేటప్పుడు మాత్రం ఉత్త ఆర్ఓనే మేలు. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. గాజుపెట్టె గారి తెల్ల చార అలా మిగిలిందే. నీళ్లు నాలుగు వేళ్లు దించి నిమ్మచెక్కతో రుద్దండి.

గాజుపెట్టె:
పీహెచ్ 6. కేహెచ్ 1 కూడా లేదు. అమ్మోనియా 2 పీపీఎం. బకెట్ నిజంగానే చేతిలో ఉండిందండీ. ఫిల్టరు పక్క పైపులోంచి వృథాగా పోయే నీళ్లు కలపొచ్చా?

పాతనాచు:
వద్దు. అవి మీ బోరు కన్నా చిక్కనివి, ఇల్లు తుడుచుకోండి.

రెండ్రోజులు మేత ఆపండి. తొమ్మిది మగ్గుల ఆర్ఓకి ఒక మగ్గు బోరు కలిపి రోజూ పావు వంతు మార్చండి. ఇవి ఇప్పుడున్న నీళ్లకి దగ్గరగానే ఉంటాయి, పీహెచ్ ఎగరదు, అమ్మోనియా మాత్రం తగ్గుతుంది. అది పావు పీపీఎం లోపుకి దిగాక రోజుకి ఐదు లీటర్లు తీసి ఐదు లీటర్ల బోరు నీళ్లు, మెల్లగా. మీటరు 300 చూపించాక ఆపేసి, ఇక వారం వారం ఒక బకెట్ బోరుకి రెండు బకెట్ల ఆర్ఓ. 320 వస్తుంది. స్పాంజి జోలికి వెళ్లకండి, అందులో బతికున్న బ్యాక్టీరియాయే మీకు దిక్కు.

గాజుపెట్టె:
రెండు వారాలైంది. కేహెచ్ 4, పీహెచ్ 7.4, అమ్మోనియా సున్నా. మరో గప్పీ పోయింది. మాలీల ఊపుడు ఆగింది, ఒక్క నల్లదానికి తప్ప. అది పొట్టతో ఉంది. వేరే తొట్టిలోకి మార్చనా, కదపకుండా ఉంచనా అన్నదే ఇప్పుడు తేలడం లేదు.