అనంతపురంలో రెండో కాన్పు: ఎక్కడికి తీసుకెళ్లమంటారు?

అందరికీ నమస్కారం. మాది ఉరవకొండ దగ్గర పల్లె. మా చెల్లికి ఇప్పుడు ఎనిమిదో నెల. మొదటి కాన్పు ఆపరేషనే. రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో, ఎందుకో మాకు సరిగా చెప్పకుండానే చేశారు. ఆ రాత్రంతా మా అమ్మ వేడినీళ్ల ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని లేబర్ రూమ్ తలుపు బయటే కూర్చుంది. లోపల చెల్లి "అమ్మా, ఒక్కసారి రావే" అని పిలుస్తూనే ఉంది. ఎవరూ పోనివ్వలేదు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ఈసారి అనంతపురం సర్వజనాసుపత్రికా, బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రికా అని ఆలోచిస్తున్నాం. సర్కారు ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం అన్నీ ఉచితమేనని, తల్లీబిడ్డను 102 బండిలో ఇంటికి దింపుతారని ఆశా అక్క చెప్పింది. డబ్బు సంగతి సరే, మాకు కావాల్సింది మనిషిని మనిషిలా చూసే చోటు.

ఈమధ్య ఈ రెండిట్లో ఎక్కడైనా కాన్పు అయినవాళ్లు దయచేసి చెప్పండి. తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానిస్తున్నారా? మొదటిది ఆపరేషన్ అయినా రెండోది మామూలు కాన్పుకు ప్రయత్నిస్తారా? నొప్పుల్లో గర్భసంచి మీది పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంటుందట. అందుకే వెంటనే ఆపరేషన్ చేసే వీలు, రక్తం ఉన్నచోటికే వెళ్లమంది డాక్టరమ్మ. చెల్లికి రక్తం కూడా తక్కువే, పోయినవారం హిమోగ్లోబిన్ 8.6 ఉంది, ఐరన్ సూదులు వేస్తున్నారు. అర్ధరాత్రి నొప్పులొస్తే చూసేందుకు పెద్ద డాక్టర్ ఉంటారా?

మంచైనా చెడైనా మీకు ఎదురైంది ఉన్నదున్నట్టు రాయండి. ఇంకా ఐదు వారాలే టైముంది. టెన్షన్‌తో మా అమ్మకు నిద్ర పట్టడం లేదు.