వేరే దేశంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేయాలంటే ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న

నేను ఆక్యుపేషనల్ థెరపీలో (రోజువారీ పనులు చేసుకోగలిగేలా రోగులకు తోడ్పడే చికిత్సలో) బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేసి, పక్షవాతం వచ్చినవారికి పునరావాస చికిత్స అందించే విభాగంలో పనిచేస్తున్నాను. కుటుంబ కారణాల వల్ల బ్రిటన్‌కు గానీ కెనడాకు గానీ వెళ్లవలసి ఉంది. మా కోర్సుకు ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఆమోదం ఉంది కనుక వెంటనే పనిలో చేరవచ్చని కొందరు చెబుతున్నారు. అది నిజమేనా? కాగితాల పని కాకుండా, వృత్తిపరంగా నేను ఇప్పటినుంచే నేర్చుకోవలసినవి ఏమిటి?

మొదటి సమాధానం

సమాఖ్య ఆమోదం లైసెన్సు కాదండి. 1952లో ఏర్పడిన ఆ సంస్థ, కనీసం 1000 గంటల క్షేత్రస్థాయి శిక్షణతో సహా, విద్యకు కనీస ప్రమాణాలను నిర్ణయిస్తుంది. పనిచేసే హక్కు ఇచ్చేది మాత్రం ఆయా దేశాల నియంత్రణ సంస్థలే. బ్రిటన్‌లో ‘ఆక్యుపేషనల్ థెరపిస్ట్’ అన్న హోదాకు చట్టరక్షణ ఉంది కాబట్టి అక్కడి నియంత్రణ సంస్థ అయిన హెచ్‌సీపీసీలో నమోదు కాకుండా ఆ పేరు వాడుకోకూడదు. అక్కడ వృత్తి పరీక్ష ఉండదు గానీ, మీ చదువునూ అనుభవాన్నీ వారి ప్రమాణాలతో పోల్చి చూస్తారు. కెనడాలో నమోదు ప్రావిన్సుల చేతిలో ఉంటుంది. క్యూబెక్ మినహా చాలా ప్రావిన్సుల్లో, విదేశాల్లో చదివినవారు ముందు తమ చదువు అక్కడి చదువుకు సమానమని తేల్చే మదింపు పూర్తిచేసి, ఆ తరువాత జాతీయ పరీక్ష రాయాలి.

అన్నిటికంటే ముందు కళాశాల నుంచి పూర్తి సిలబస్‌నూ, ఏ విభాగంలో, ఏ వయసువారితో, ఎన్ని గంటలు శిక్షణ పొందారో తెలిపే ధ్రువపత్రాన్నీ సంతకం, ముద్రలతో తీసుకోండి. మార్కుల పట్టికలో ఈ వివరాలు సాధారణంగా ఉండవు. దేశం దాటాక దూరం నుంచి వాటిని రాబట్టడం ఎంతో కష్టం.

రెండవ సమాధానం

ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. అమెరికాలో 2007 నుంచి ఈ వృత్తికి ప్రవేశస్థాయి విద్య మాస్టర్స్ డిగ్రీయే. బ్యాచిలర్ డిగ్రీతో అక్కడికి వెళ్లాలనుకునేవారు దరఖాస్తు రుసుము కట్టకముందే అక్కడ వృత్తి పరీక్ష నిర్వహించే జాతీయ సంస్థ ఎన్‌బీసీఓటీ అర్హత నియమాలను చదవాలి. లైసెన్సు ఇచ్చేది మళ్లీ ఆయా రాష్ట్రాలే.

మూడవ సమాధానం

మీ ప్రశ్నలోని రెండవ భాగమే నాకు ముఖ్యమనిపించింది. పక్షవాతం శరీరంలో చేసే నష్టం ఎక్కడైనా ఒకటే అయినా, మన వృత్తి చూసేది స్నానం, వంట, దుస్తులు వేసుకోవడం, బయటికి వెళ్లడం వంటి పనులను. అవి జరిగే ఇల్లూ, వాటిని ఎవరు చేయాలన్న అంచనాలూ దేశాన్ని బట్టి మారతాయి. అందుకే రోగి తనకు ముఖ్యమైన పనులను తానే చెప్పి, వాటిని ఎలా చేయగలుగుతున్నారో, ఎంత తృప్తిగా ఉన్నారో పది పాయింట్ల కొలమానం మీద తానే సూచించే సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్) వంటి సాధనాన్ని ఇప్పటినుంచే అభ్యాసం చేయండి. కెనడాలో రూపుదిద్దుకుని 1991లో వెలువడిన ఈ సాధనం, కుటుంబసభ్యులను అడిగి లక్ష్యాలు నిర్ణయించే అలవాటు నుంచి మనల్ని బయటికి తెస్తుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లకు వెళితే 2005 నాటి మానసిక సామర్థ్య చట్టాన్ని తప్పక చదవాలి. సొంతంగా నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేదని రుజువయ్యే వరకు వ్యక్తికి అది ఉన్నట్టే భావించాలి. ఇతరులకు తెలివితక్కువగా తోచే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేదనకూడదు. పడిపోయే ప్రమాదం ఉన్నా ఒంటరిగా తన ఇంటికే వెళతానని పట్టుబట్టే వృద్ధురాలి డిశ్చార్జి విషయంలో మీ అభిప్రాయం, మీ నోట్సు, మీరు సూచించే పరికరాలు అన్నీ ఈ సూత్రాల మీదే నిలబడతాయి.

నోట్సు రాసే తీరునూ మార్చుకోండి. చేతి కదలిక మెరుగుపడిందని రాస్తే చాలదు. ఎవరి సాయమూ లేకుండా చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా, లేకపోతే ఎంత సాయం కావాలి అన్నది రాయాలి.

ప్రశ్న అడిగినవారు

ఎంతో ఉపయోగపడే విషయాలు చెప్పారు, ధన్యవాదాలు. ఇంగ్లీషు పరీక్ష ముందుగానే రాసేయవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

తొందరపడకండి. ఐఈఎల్‌టీఎస్ ఫలితం సాధారణంగా రెండేళ్లే చెల్లుతుంది. కళాశాల పత్రాలు అంతకంటే ఆలస్యమైతే మళ్లీ రాయవలసి వస్తుంది. పత్రాలు చేతికి రావడం మొదలైన తరువాతే తేదీ ఎంచుకోండి.