న్యూషాటెల్ గవర్నరు పాస్టరును ఖైదు చేయగలడా? కథ కోసం ఒక సందేహం

కథల మూట:
అందరికీ నమస్కారం. ఒక పెద్దకథ రాస్తున్నాను. కాలం 1765, చోటు న్యూషాటెల్ సంస్థానంలోని (ఇప్పుడది స్విట్జర్లాండులో ఉంది) మోతియే అనే పల్లె. ఫ్రాన్సులో, జెనీవాలో నిలువ నీడ లేకపోయిన తత్వవేత్త రూసో అక్కడ తలదాచుకున్నాడు కదా, అదే నేపథ్యం. పతాక సన్నివేశంలో ఊరివాళ్లు రాత్రిపూట ఆయన ఇంటి మీద రాళ్లు వేస్తారు. గవర్నరు జార్జ్ కీత్ గుర్రపు దళంతో వచ్చి, జనాన్ని చెదరగొట్టి, వాళ్లను ఉసిగొల్పిన పాస్టరును ఖైదు చేయిస్తాడు. చదివిన స్నేహితురాలు "దృశ్యం బాగుంది, చరిత్ర ఒప్పుకోదు" అని ఊరుకుంది. ఎక్కడ ఒప్పుకోదో చెప్పలేదు.

నా సందేహాలు ఇవి. ఆల్ప్స్ దాపున ఉన్న నేలకు, ప్రష్యా రాజు పేరున, స్కాట్లండు మనిషి గవర్నరు ఎలా అయ్యాడు? ఆయన చేతిలో ఎంత అధికారం ఉండేది? ఇల్లు, పరివారం ఎలా ఉండేవి? ఇంకొకటి, ఇప్పటికి "సుబేదారు" అని రాశాను. సరైన మాటేనా?

పాత అట్లాసు:
మీ స్నేహితురాలు చెప్పింది నిజమేనమ్మా. అన్నిటికన్నా పెద్ద చిక్కు తేదీలో ఉంది. రాళ్లు పడింది 1765 సెప్టెంబరు 6 రాత్రి. కీత్ 1763 వసంతంలోనే న్యూషాటెల్ విడిచి వెళ్లాడు. పదవి ఇంకా ఆయన పేరునే ఉంది, మనిషి మాత్రం లేడు. గుర్రపు దళం సంగతి తర్వాత, గుర్రం ఎక్కవలసిన ఆసామే ఊళ్లో లేడు!

ఇక ఆ మూడు ముక్కలాట సంగతి. 1707లో సంస్థానాధిపతి మారీ ద నెమూర్ సంతానం లేకుండా కన్నుమూసింది. గద్దె మాదంటే మాదని పదిహేను మంది దాకా బయలుదేరారు. తేల్చింది కత్తి కాదు, తీర్పు. అక్కడ "మూడు శ్రేణుల న్యాయసభ" ఉండేది. ఆ సభ నవంబరు 3న ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ వైపు మొగ్గింది. ఆయన ప్రొటెస్టెంటు, వీళ్లూ ప్రొటెస్టెంట్లే. అంతకన్నా ముఖ్యం, బెర్లిన్ చాలా దూరం. పక్కనే ఫ్రాన్సు ఉంది. అక్కడి ప్రభువుల్లో ఎవరికి అప్పగించినా లూయీ రాజు వచ్చి గుమ్మంలో కూర్చున్నట్టే. దూరపు దొరే మేలనుకున్నారు. పైగా ముందే షరతులు రాయించుకున్నారు: పాత హక్కుల జోలికి రాకూడదు, ఉద్యోగాలన్నీ స్థానికులకే ఇవ్వాలి. గవర్నరు పదవి ఒక్కటే దానికి మినహాయింపు. అంటే రాజు తన సొంత మనిషిని కూర్చోబెట్టగల కుర్చీ అదొక్కటే.

కీత్ పదవ ఎర్ల్ మారిషల్. స్కాట్లండులో పెద్ద వంశం. గద్దె పోగొట్టుకున్న స్టూవర్టు రాజవంశం పక్షాన 1715 తిరుగుబాటులో దిగాడు, ఆస్తులన్నీ జప్తు అయ్యాయి. 1719లో మళ్లీ దిగాడు, గ్లెన్ షీల్ దగ్గర ఓడిపోయాడు. తర్వాత ఏళ్ల తరబడి స్పెయిన్‌లో గడిపి, 1747లో ప్రష్యా చేరాడు. తమ్ముడు జేమ్స్ అప్పటికే అక్కడ ఫీల్డ్ మార్షల్. రెండవ ఫ్రెడరిక్ అన్నగారిని 1751లో పారిస్‌కు రాయబారిగా పంపి, 1754లో న్యూషాటెల్ ఇచ్చాడు.

ఇక్కడ మీరు జాగ్రత్తపడవలసింది ఒకటుంది. రూసో ఆయనను "మిలార్ మరెషాల్" అంటాడు. అది చూసి "మార్షల్ గారు" అని రాస్తే తెలుగు పాఠకుడు సేనాపతి అనుకుంటాడు. ఈయనది వంశపారంపర్యపు బిరుదు. సైన్యంలో మార్షల్ తమ్ముడు, 1758లో హోక్‌కిర్క్ యుద్ధంలో చనిపోయాడు.

మూల బల్ల పాఠకుడు:
అట్లాసు గారు చరిత్ర చెప్పారు కాబట్టి, నేను పాస్టరు ఖైదు సంగతి చూస్తాను.

గవర్నరు ఆ పని చేయలేడు. ప్రభువు ప్రతినిధిగా రాజ్య మండలికి అధ్యక్షత వహిస్తాడు, కోట ఆయనది, మర్యాదలు ఆయనవి. కానీ మండలి సభ్యులు స్థానిక కుటుంబాలవాళ్లు. న్యూషాటెల్ పట్టణానికి "నలుగురు పెద్దలు" అనే సొంత పాలకవర్గం ఉంది, తన హక్కుల పత్రాలను అది కంటికి రెప్పలా కాచుకునేది. చర్చి విషయాలలో "వెనెరాబ్ల్ క్లాస్" అనే పాస్టర్ల సంఘం ఎవరి మాటా వినేది కాదు.

ఉదాహరణ కావాలా? లా షో ద ఫోన్‌లో పెతిపియెర్ అనే పాస్టరు నరకశిక్ష శాశ్వతం కాదని బోధించాడు. సంఘం ఆయనను 1760లో పదవి నుంచి తీసేసింది. రాజు మొగ్గు పెతిపియెర్ వైపే ఉన్నా ఫలితం లేకపోయింది. శాశ్వతంగా నరకంలో ఉండాలని వాళ్లకు అంత సరదాగా ఉంటే ఉండనివ్వండి అని ఫ్రెడరిక్ విసుక్కున్నాడని చెప్పుకుంటారు. ఐరోపానంతా ఎదిరించి నిలిచిన రాజుకే అక్కడ ఒక పాస్టరు కొలువు నిలబెట్టడం చేతకాలేదు. ఇక గవర్నరు ఏం చేస్తాడు?

రాజు పక్షం గట్టిగా బిగిస్తే ఏమవుతుందో 1768లో తేలింది. పన్నుల వసూలు పద్ధతి మీద రగడ ముదిరి, రాజు తరఫున వాదించిన గోడో అనే న్యాయాధికారిని ఏప్రిల్‌లో న్యూషాటెల్ పట్టణంలోనే జనం చంపేశారు. ఆ తర్వాతే లెంటులుస్ అనే ప్రష్యా సేనాని గవర్నరుగా వచ్చాడు. మీకు గుర్రపు దళమే కావాలంటే కథను మూడేళ్లు ముందుకు జరపండి. కానీ అప్పుడు మీకు కీత్ ఉండడు, రూసో ఉండడు.

మీ కథకు నిజంగా పనికొచ్చే పాత్ర మార్తినే. మోతియే ఉన్న లోయకు అధికారి, ఆ పల్లెలోనే కాపురం. రాళ్ల చప్పుడు విని ఆ రాత్రి వచ్చింది ఆయనే. వసారా నిండా పడి ఉన్న రాళ్లు చూసి "దేవుడా, ఇది రాళ్ల గని!" అన్నాడని రూసో ఆత్మకథలో ఉంది. మీ గుర్రపు దళం మొత్తం కన్నా ఆ ఒక్క మాట బలంగా లేదూ?

కథల మూట:
కళ్లు తెరిపించారు. నెల రోజుల రాత వృథా అయిందని కాసేపు దిగులుపడ్డాను, దాచడమెందుకు. అయితే ఇంత తక్కువ అధికారం ఉన్న మనిషి ఆ దొరతనంతో రోజంతా ఏం చేసేవాడు? రూసోను ఎలా కాపాడాడు?

మూల బల్ల పాఠకుడు:
కథ అంతా అక్కడే ఉందండీ. ఖడ్గం లేదు కాబట్టి ఉత్తరాలతో పని నడిపేవాడు.

1762 జూలైలో రూసో మోతియే చేరగానే గవర్నరుకు రాశాడు, గవర్నరు రాజుకు రాశాడు. రాజు ఉండనివ్వమన్నాడు, ధాన్యం, కట్టెలు ఇప్పించమన్నాడు. రూసో పుచ్చుకోలేదు. మొదటిసారి చూడబోయినప్పుడు రూసో మర్యాద మాటలేవీ లేకుండా వెళ్లి సోఫాలో ఆయన పక్కన కూర్చున్నాడు. "ఈ మనిషి న్యూషాటెల్ వాడు కాడు" అని ముసలాయన మనసులో అనుకొని ఉంటాడని రూసో ఊహ. ఊరివాళ్లు ఆయన మౌనాన్ని గర్వమనుకునేవారట. రూసో ఆర్మేనియా అంగీ తొడుక్కొని వెళ్లిన రోజున పలకరింపంతా ఒక్క మాట, "సలామలేకి". ఇక రూసో ఆ వేషం విడిచిపెట్టలేదు.

వేసవిలో గవర్నరు మకాం పట్టణంలోని కోటలో కాదు, సరస్సు దగ్గరి కొలొంబియేలో. రూసో పదిహేను రోజులకోసారి అక్కడికి వెళ్లి ఒక పగలు, ఒక రాత్రి ఉండి వచ్చేవాడు. ఆయన కొడుకా అంటే ఈయన నాన్నా అనేంత దగ్గరయ్యారు. కీత్ పెళ్లి చేసుకోలేదు.

పరివారం గురించి అడిగారు కదా, చాలామంది కథకులు వదిలేసే భాగమిదే. ఇంట్లో ఎమెతుల్లా అనే తురుష్క యువతి ఉండేది. 1737లో ఒచాకోవ్ ముట్టడిలో రష్యా తరఫున పోరాడిన తమ్ముడు జేమ్స్ చేతికి చిక్కిన పసిపిల్ల. అన్నగారు కూతురిలా పెంచాడు. ఇబ్రహీం, స్తెపాన్ అనే కల్మిక్ (మంగోలు తెగ) మనిషి కూడా ఉండేవారు. కాల్విన్ మతపు కట్టుబాట్ల ఊళ్లో ఆ ఇల్లు ఎలా కనిపించి ఉంటుందో మీరే రాయండి.

వెళ్లిపోయే ముందు, 1763 ఏప్రిల్‌లో, రూసోకు న్యూషాటెల్ పౌరసత్వం ఇప్పించాడు. గవర్నరుగా ఆయన అతనికి కట్టిన గోడ అదే. రెండేళ్ల తర్వాత, 1765 మార్చిలో, పాస్టరు మోన్మొల్లాన్ రూసోను చర్చి నుంచి వెలివేయించబోతే కుదరలేదు, రాజ్య మండలి అడ్డుపడింది. అంటే మనిషి దూరంగా ఉన్నా ఆయన కట్టిన గోడ నిలిచింది, ఆరు నెలలు. తర్వాత రాళ్లు.

అక్షరం:
"సుబేదారు" తీసేయండి. ఆ మాట వినగానే పన్ను వసూలు, ఫౌజు కళ్లముందు నిలుస్తాయి. కీత్‌కు ఆ రెండూ సరిపడవు. "రాజప్రతినిధి" అర్థం చెబుతుంది కాబట్టి మొదటిసారి అలా పరిచయం చేయండి.

పాత అట్లాసు:
నేను ఒప్పుకోను. మన చరిత్ర పుస్తకాల పుణ్యమా అని "రాజప్రతినిధి" అంటే ఢిల్లీలో ఏనుగు మీద ఊరేగే వైస్రాయి గుర్తొస్తాడు. "గవర్నరు" అందరికీ తెలిసిన మాట, అదే ఉంచండి. పాత్రలు మాట్లాడుకునేటప్పుడు "దొరగారు" చాలు.

కథల మూట:
"గవర్నరు", "దొరగారు" తీసుకుంటాను. అక్షరం గారు ఏమీ అనుకోవద్దు.

పతాక సన్నివేశం మార్చేశాను: రాళ్ల రాత్రి, మార్తినే లాంతరు, బల్ల మీద దొరగారి పాత ఉత్తరం. ఇక ఆరంభానికి ఒక చిన్న సంఘటన కావాలి. ఆయన తీరు ఒక్క దెబ్బలో తెలియాలి.

మూల బల్ల పాఠకుడు:
అదీ రూసో చెప్పిందే ఉంది. ప్రష్యా కొలువు కోరి ఒక జెనీవా కుర్రవాడు వచ్చి సిఫారసు అడిగాడు. దొరగారు ఉత్తరం రాయకుండా బఠాణీలు నింపిన చిన్న సంచి చేతికిచ్చి రాజుకు అందజేయమన్నాడు. సంచి చూడగానే రాజు కుర్రవాడికి కొలువు ఇచ్చాడు. వాళ్లిద్దరి మధ్య ఆ సంచికి అర్థమేమిటో రూసో విప్పలేదు, మీరూ విప్పకండి.

కథల మూట:
దీనితోనే మొదలుపెడతాను! ఒక్కటి చెప్పండి, పచ్చి బఠాణీలా, ఎండువా?

పాత అట్లాసు:
న్యూషాటెల్ నుంచి బెర్లిన్ దాకా గుర్రపు బండి ప్రయాణమమ్మా. ఎండువే రాయండి, పచ్చివైతే దారిలోనే మొలకెత్తుతాయి.